అక్కా చెల్లెలూ – రెండు మాటలూ

'సెన్స్', 'సెన్సిబిలిటీ' దాదాపు ఒకటేనని అనుకునేదాన్ని. కాదండోయ్! 1811లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవలలో మొదటిమాటకి వివేకమనీ, రెండోదానికి ఇట్టే చలించిపోయే మనసనీ అర్థం. అక్క ఎలినార్‌కి మొదటిది, చెల్లెలు మేరియన్‌కి రెండోది అని కాలేజీలో మేష్టారు పంచితే, అదే పరీక్షలో రాసేశాం.

మొన్న మళ్లీ చదివితే ఆ పంపకం తప్పనిపించింది. తను మనసిచ్చిన ఎడ్వర్డ్ ఏనాడో మరో పిల్లకి పెళ్లిమాట ఇచ్చేశాడని తెలిసీ, ఎవరికీ చెప్పనని ఆ పిల్లకి మాటిచ్చినందుకు ఎలినార్ నాలుగు నెలలు నోరు విప్పదు. బాధ లేకనా? నాన్న పోయినరోజు చాపలు పరిచి, టెలిగ్రాములు రాయించిన మా అక్కని రాతిగుండె అనుకున్నదాన్ని నేను!

మేరియన్‌కి చివర్లో హడావిడిగా పెళ్లి చేసేయడం నాకు నచ్చలేదు గానీ, ఎలినార్ కోసమైనా మీరు చదవండి. నేను మా అక్కకి ఫోను చెయ్యాలి.