టిక్కు, ఆ వెంటనే గింజ

కిరీటి నా వేలు కొరికిన రోజు ఇప్పటికీ గుర్తే. ముప్పై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన గొంతుతో "ఏయ్!" అని ఒక్క కేక వేశాను. ఆ కేకకి ఏడో తరగతి మొత్తం గప్‌చుప్ అయిపోయేది. కిరీటి మాత్రం పంజరం మూలకి నక్కి, నెత్తిమీది తురాయిని తలకి అంటుకుపోయేలా పడుకోబెట్టి, పాములా బుస్సుమన్నాడు.

కిరీటి కాకటీల్ పిట్ట. ఆస్ట్రేలియా జాతి. తూకం తొంభై గ్రాములు. బూడిదరంగు ఒళ్లు, పసుపు మొహం, బుగ్గలకి నారింజరంగు చుక్కలు. పైవాటాలో అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ "కొన్నాళ్లు చూసిపెట్టండి ఆంటీ" అని పంజరం అప్పజెప్పి వెళ్లాడు. కొన్నాళ్లు కాస్తా రెండేళ్లయింది. మా మనవరాలు మొదట్లో మూతి ముడిచింది, "రామచిలుక అయితే బావుండేది అమ్మమ్మా" అని. రామచిలుకని పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదని చెప్పి ఒప్పించాను.

"తువ్వాలు కప్పి గట్టిగా పట్టుకోండి, రెండ్రోజులు గింజుకుని ఊరుకుంటుంది" అని తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. ఒకసారి చేసి చూశాను. నిజంగానే ఊరుకున్నాడు. నోరు కొద్దిగా తెరిచి, కళ్లు పెద్దవి చేసి, చేతిలో రాయిలా ఉండిపోయాడు. మర్నాటి నుంచి నా చెయ్యి కనిపిస్తే చాలు, పంజరంలో రెక్కలు కొట్టుకునేవాడు. ఊరుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. టీచరుగా రిటైరయ్యాక ఈ తేడా తెలియడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

అప్పుడు మొదలుపెట్టాను రెండో పద్ధతి. చదువుకున్నవాళ్లు పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. మనకి కావలసిన పని పిట్ట చేసిందా, ఆ క్షణానే దానికి ఇష్టమైనది పెట్టాలి. చెయ్యలేదా, తిట్టూ లేదు, దెబ్బా లేదు, గింజా లేదు. చూడ్డానికి ఇంతే.

గింజ సంగతి తేలిగ్గా తేలింది. 'మిల్లెట్ స్ప్రే' అని పెంపుడు పిట్టల కోసం పాకెట్లలో అమ్మేది తీరా చూస్తే మన కొర్ర కంకే. కష్టం గింజ దగ్గర కాదు, ఆ క్షణం దగ్గర వచ్చింది. పిట్ట మంచిపని చేసింది, నేను కంకి తుంచి అందించేలోపు తల తిప్పేసింది. అప్పుడు తల తిప్పినందుకే గింజ దొరికిందనుకుంటుంది. అందుకే ముందుగా ఒక చప్పుడు కావాలి. "ఇదిగో, ఈ పనికే" అని చెప్పే చప్పుడు. దానికని క్లిక్కర్లు అమ్ముతారు. నా దగ్గర పేపర్లు దిద్దిన ఎర్ర ఇంకు బాల్‌పెన్ను ఉంది. మీట నొక్కితే టిక్కుమంటుంది. మొదటి మూడు రోజులూ ఇంకేమీ చెయ్యలేదు. టిక్కు, ఆ వెంటనే గింజ. టిక్కు, గింజ. దీనికి ఒకే నియమం: పొరపాటున నొక్కినా సరే, టిక్కుమందంటే గింజ పెట్టి తీరాలి. మాట తప్పితే చప్పుడుకి విలువ పోతుంది.

తర్వాత చీపురుపుల్ల. దాని కొసని ముక్కుతో తాకడం కిరీటి చెయ్యవలసిన పని. పుల్ల చూడగానే తురాయి నిటారుగా లేచింది. అంటే బెదిరాడన్నమాట. రెండడుగులు వెనక్కి జరిగాను. ఇంకో అడుగు. తురాయి మెల్లిగా సగానికి వాలింది. టిక్కు. ఇలా రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. పుల్ల వైపు చూస్తే గింజ. మెడ సాచితే గింజ. ఒక అడుగు వేస్తే గింజ. ఆరో రోజున ముక్కుతో ఠక్కున తాకాడు. ఆ పుల్ల వెంబడే నెలలోపు నా అరచేతి మీదికి నడిచొచ్చాడు. ఆకలితో మాడ్చి నేర్పించవచ్చనేవాళ్లున్నారు. తొంభై గ్రాముల ప్రాణానికి ఉపవాసాలేమిటి! పొద్దున గిన్నెలో తిండి పెట్టేముందు పాఠం పెట్టుకుంటే చాలు.

ఇలా మెట్టుమెట్టుగా నేర్పడం వెనక ఓ ముచ్చట ఉంది. 1943లో అమెరికాలోని మినియాపొలిస్‌లో, ఒక పిండిమిల్లు పై అంతస్తులో, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలకి తర్ఫీదు ఇస్తుండేవాడు. బాంబుని గురివైపు నడిపించడానికట! పై నుంచి అనుమతి వచ్చేదాకా చేతిలో పనిలేక, అతనూ తోటివాళ్లూ ఒక పావురానికి బంతిని ముక్కుతో కొట్టడం నేర్పుదామనుకున్నారు. కొట్టగానే గింజ పెడదామని మీట మీద చెయ్యి వేసి కూర్చున్నారు. అది కొట్టనే లేదు. విసిగిపోయి, బంతి వైపు చూసినా చాలు, గింజ పెట్టడం మొదలుపెట్టారు. కొద్ది నిమిషాల్లో బంతి పెట్టె గోడలకి తగిలి ఎగురుతోంది.

చిన్నప్పుడు గుడి మెట్ల దగ్గర చిలకజోస్యం చూసినవాళ్లకి ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. చిలక బయటికొచ్చి ముక్కుతో కార్డు తీసేది, వడ్లగింజ తీసుకుని తనే పంజరంలోకి వెళ్లిపోయేది. ఎగిరిపోదేం అని మా అమ్మని అడిగితే "రెక్కలు కత్తిరించేశారే" అంది. గింజ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కానీ ఆ చిలకకి రానని చెప్పే దారి లేదు. కిరీటి రెక్కలు నేను కత్తిరించలేదు. నచ్చకపోతే వీపు చూపిస్తాడు. ఆ పూటకి బడి బంద్.

నాకు పాఠం చెప్పింది మాత్రం వాడి అరుపు. నేను వంటింట్లోకి వెళ్తే చాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమనేవాడు. నేను వచ్చి "నోర్ముయ్" అనేదాన్ని. నాకది తిట్టు. వాడికి? అరిచాడు, మనిషి వచ్చింది, మాట్లాడింది. రోజుకి పదిసార్లు నేనే చేత్తో గింజ పెట్టినట్టు లెక్క. సరేనని, కీచుమంటే పలకడం మానేశాను. ఈల వేస్తే మాత్రం పరుగున వచ్చేదాన్ని. నాలుగు రోజులు అరుపు రెట్టింపయింది. పక్కింటావిడ గోడ మీంచి "పిట్టకి ఒంట్లో బాగాలేదా వదినా?" అని అడిగింది కూడా. అయిదో రోజుకి తగ్గింది. ఇప్పుడు ఈలే. మధ్యలో కుక్కర్ కూత కూడా కూస్తాడు. అది నేను నేర్పలేదు.

"దండం దశగుణం భవేత్" అని నమ్మిన తరం మాది. 2009 విద్యాహక్కు చట్టం బెత్తం పక్కన పెట్టించింది గానీ, నా కళ్లు మాత్రం మారలేదు. శిక్షించేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. తప్పు జరిగినప్పుడు చూస్తే చాలు, మిగతా గంటంతా కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. మంచిపనికి గింజ పెట్టాలంటే రెప్ప వేయకుండా చూడాలి, తురాయి వాలిన ఆ అర క్షణం కోసం. వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చుని, లెక్క సగం దాకా సరిగ్గా చేసి ఆగిపోయిన పిల్లలు ఎంతమందో. వాళ్ల మొహాలు నాకు గుర్తు రావు. అరిచినవాళ్లవే గుర్తున్నాయి.

మొన్న ఆదివారం మనవరాలు లెక్కల నోటుబుక్కు తెచ్చింది. భాగహారాలు పది. చూడగానే తప్పులు మూడు కనిపించాయి. కళ్లకి అలవాటైన పని కదా. మూడోదానికి సున్నా చుడదామని ఎర్ర పెన్ను తీసి మీట నొక్కాను. టిక్కు.

పంజరంలో కిరీటి చటుక్కున తలెత్తాడు. చువ్వల దగ్గరికి గబగబా నడిచొచ్చి, తురాయి సగం వాల్చి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వాడేం చేశాడమ్మమ్మా?" అంది మనవరాలు.

ఏమీ చెయ్యలేదు. కానీ నియమం నియమమే. లేచి కొర్రగింజ పెట్టి వచ్చాను. కూర్చుని, మొదటి లెక్క నుంచి మొదలుపెట్టాను. సరిగ్గానే చేసింది. పక్కన టిక్కు పెట్టాను.