చుక్క, తిత్తి, ఉప్పునీళ్లు

చిత్తూరు వైపు లోతు బోర్ల ఉప్పునీళ్లలో బట్టలుతికినవాళ్లకు తెలుసు: సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. తొలి కణం రూపు ఎలా కట్టిందన్న తగవులో ఇరుపక్షాలనూ తూచడానికి నాకు ఆ తెట్టే అక్కరకొచ్చింది.

రష్యన్ శాస్త్రవేత్త ఒపారిన్‌ది చుక్క. 1936 నాటి పుస్తకంలో ఆయన కోయాసర్వేట్లనే చుక్కలను ముందుకు తెచ్చాడు. జిగురు, జెలటిన్ ద్రావణాలను తగుపాళ్లలో కలిపితే నీళ్లు మసకబారి సన్నని చుక్కలు విడివడతాయి. వాటికి పొర ఉండదు, అయినా చుట్టూ ఉన్న పదార్థాన్ని లోపలికి లాక్కుంటాయి. అంతవరకూ బాగుంది. చారు మీద నూనెబొట్లు గరిటె తగలగానే ఒకటైపోతాయి చూడండి, వీటిదీ అదే గుణం. ఏది తనదో ఏది పక్కదో తేలనప్పుడు ప్రకృతి దేన్ని ఎంచుకుంటుంది?

శాస్త్రవేత్తలు డేవిడ్ డీమర్, జాక్ షోస్టాక్‌లది తిత్తి. సబ్బులో ఉండే కొవ్వు ఆమ్లాలే ఇక్కడా సరుకు. వాటి తలకు నీళ్లు కావాలి, తోకకు గిట్టవు. తోకలు దాచుకుని రెండు వరసలుగా నిలిస్తే పొర, అది ముడుచుకుంటే తిత్తి. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలోని పదార్థం కూడా నీళ్లలో తిత్తులు కట్టిందని డీమర్ 1985లో చూపించాడు. నా మొగ్గు ఇటే.

కానీ తెట్టు సంగతో? కాల్షియం, మెగ్నీషియం తగిలితే ఈ తిత్తులూ మన సబ్బులాగే విరిగిపోతాయి. లోపల ఉండాల్సిన, వారసత్వ సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏకు నకలు తయారవ్వాలంటే ఆ మెగ్నీషియమే కావాలి! 2013లో పరిశోధకురాలు అడమాలా, షోస్టాక్ సిట్రేట్ కలిపి గండం దాటించారు. నిమ్మపులుపులో ఉండేదే అది. తెలివైన ప్రయోగమే, అయితే ఆనాటి భూమ్మీద అంత నిమ్మరసం ఎవరు పిండారు?

డీమర్ ఏకంగా చోటే మార్చాడు. సముద్రం కాదు, నేల మీది వేడినీటి బుగ్గల పక్క గుంటలు. మన కుంటల్లా ఎండినప్పుడు పొరలు పేరుకుని అణువులు మధ్యలో చిక్కుకుంటాయి, తడిసినప్పుడు తిత్తులు వాటిని మూటగట్టుకుని లేస్తాయి. 2018 నాటి పరీక్షలో బుగ్గనీళ్లలో తిత్తులు కట్టాయి, సముద్రపు నీళ్లలో కట్టలేదు.

ఈ తగవు తీర్చమని పాత రాళ్లను అడుగుదామంటే, తిరుమల ఘాట్‌లో దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాతి మీద 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైట్ రాయి కూర్చుంది. నడుమ దాదాపు 90 కోట్ల ఏళ్ల లెక్క గల్లంతు. పైగా జీవం ఆ అడుగురాతికంటే ముందుది.

మొన్న వానకు మిద్దె మీంచి జారిన నీళ్లు పట్టి అదే సబ్బు వేశాను. బకెట్ పొంగి పొర్లింది.