అడుగు కనిపించే రోజు

కోనేటి అందం ఎక్కడుందని అడిగితే చాలామంది నిండుగా ఉన్న నీళ్లను, నడుమ మండపాన్ని, తెప్పోత్సవం నాటి దీపాలను చూపిస్తారు. నన్నడిగితే, నీళ్లు తోడేసి అడుగు బయటపడినప్పుడు చూడమంటాను. కట్టినవాళ్ల తెలివి, చూసుకునేవాళ్ల శ్రద్ధ రెండూ ఆ రోజు దాపరికం లేకుండా కనిపిస్తాయి. గుడికి గోపురం ఎంత ముఖ్యమో కోనేరూ అంతే ముఖ్యమని మన స్థపతులు ఎరుగుదురు. గోపురాన్ని ఒకసారి కడితే తరాలు నిలుస్తుంది. కోనేరు అలా కాదు, దాన్ని ఏటా మళ్లీ కోనేరుగా చేసుకోవాలి. ఆ పని ఎలా జరగాలన్నది మరిచిపోతున్నామన్నదే నా బాధ.

తెలుగు నేల మీద మెట్ల కోనేటికి పదిహేడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. అందులో రాతి మెట్లతో కట్టిన కోనేరు కూడా ఉంది. ఆ విద్య ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే హంపీకి పోవాలి. రాచనగరు ఆవరణలో 1980ల తవ్వకాల్లో బయటపడిన నల్లరాతి కోనేరు సుమారు ఇరవై రెండు మీటర్ల చతురస్రం, ఏడు మీటర్ల లోతు. అయిదు అంతస్తులుగా కిందికి దిగుతుంది. ప్రతి అంతస్తులోనూ నడవడానికి ఒక అరుగు, అరుగు నుంచి రెండు వైపులా దిగే చిన్న చిన్న మెట్ల వరుసలు. రాళ్ల మీద గుర్తులు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ దిక్కుది, ఏ వరుసది, ఏ స్థానానిది అని శిల్పులు వేసుకున్న లెక్క అది. రాళ్లను వేరేచోట చెక్కి, గుర్తులు వేసి, తెచ్చి అమర్చారు. రాతి స్తంభాల మీద నిలబెట్టిన కాలువ ఒకటి దానికి నీళ్లు మోసుకొచ్చేది.

ఆ మెట్లను ముగ్గు గీసినట్టు గీశారని మెచ్చుకుని వచ్చేస్తాం. అవి చేసే పని చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. నేలలోకి ఏడు మీటర్లు తవ్వి నిట్టనిలువు గోడ కడితే, వెనక మట్టి వానకు తడిసి బరువెక్కి దాన్ని లోపలికి నెడుతుంది. అదే గోడను అయిదు ముక్కలు చేసి, ఒక్కొక్కదాన్ని కాస్త వెనక్కి జరిపి కడితే ప్రతి ముక్క మీదా పడే తోపుడు తగ్గుతుంది. రెండోది ఎండ. కోనేరు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, నీటిమట్టం తగ్గినకొద్దీ ఎండకు ఆనే నీటి విస్తీర్ణమూ తగ్గుతుంది. మాఘంలో విశాలంగా పరుచుకున్న నీళ్లు వైశాఖానికి చిన్న చతురస్రంలోకి ఒదిగి, ఆవిరయ్యే వేగం తగ్గించుకుంటాయి. మూడోది మనిషి. నీళ్లు ఏ మట్టంలో ఉన్నా వాటిని అందుకోవడానికి ఒక మెట్టు ఉంటుంది. ముసలివాళ్లు కూర్చుని కాళ్లు కడుక్కోగలరు. నిండినా అందమే, సగమైనా అందమే, అడుగంటినా అందమే అనిపించేలా ఏడాది పొడవునా మారే మట్టాన్ని ముందే లెక్కలోకి తీసుకుని గీసిన నమూనా అది. ఈత కొలనులకు, హోటళ్ల ముందు కట్టే నీటి తొట్లకు ఈ గుణం లేదు. వాటి నీళ్లు జానెడు తగ్గితే చాలు, పాడుబడ్డట్టు కనిపిస్తాయి.

చాలా పాత కోనేళ్లలో రాతికీ రాతికీ మధ్య సున్నం ఉండదు, ఉన్నా పలచగా ఉంటుంది. గట్టు వెనక చేరిన వాననీరు ఆ సందుల గుండా ఊరుతూ కోనేట్లోకి దిగుతుంది. ఊట ఉన్నచోట అడుగు నుంచీ నీరు పైకి వస్తుంది. అంటే కోనేరు నేలతో మాట్లాడుతూనే ఉంటుంది. భూగర్భజలం పెరిగితే తను పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఈ సంగతి గుర్తుంటే కింద చెప్పబోయే మరమ్మతుల తప్పులు చాలావరకు జరగవు.

నడుమ ఉండే నీరాళి మండపం కంటికి ఇంపుగా ఉంటుంది, నీటిమట్టానికి కొలబద్దగానూ పనికొస్తుంది. దాని పీఠం మీద ఎన్ని వరుసలు మునిగాయో చూసి, తెప్ప తిరగడానికి సరిపడా నీళ్లున్నాయో లేదో దూరం నుంచే చెప్పేయొచ్చు. తెప్పోత్సవాల తిథులు చూడండి. సింహాచలం అప్పన్నకు పుష్య అమావాస్య. తిరుమలలో ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే అయిదు రోజులు. ధర్మపురి బ్రహ్మపుష్కరిణిలో తెప్పోత్సవం, డోలోత్సవం ఫాల్గుణంలోనే. వానలు వెనకపట్టి, బురద అడుగుకు దిగి, నీరు తేటబడ్డాక, ఎండలు ముదిరి మట్టం పడిపోకముందు వచ్చే కాలం అది. శాస్త్రకారులు నీటి లెక్క వేసే ఈ తిథులు పెట్టారని నేను అనను గానీ, కోనేటిని ఏడాదంతా కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఈ పొందిక తెలియకుండా ఉండదు.

అన్ని కోనేళ్ల స్వభావం ఒకటి కాదు. నల్లమల పాదాన మహానందిలో ఊట ఎండాకాలంలోనూ ఆగదు. వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోతుంటుంది కాబట్టి కొలను అడుగున పడ్డ నాణెం కూడా కనిపిస్తుంది. పాచి పట్టడానికి నీటికి తీరిక దొరకదక్కడ. వాన మీద, కాలువ మీద ఆధారపడ్డ కోనేటికి ఆ అదృష్టం లేదు. దాని నీళ్లు నెలల తరబడి కదలవు. పూలు, పసుపు, కుంకుమ, నూనె, ఆకులు, దుమ్ము అందులోనే చేరి అడుగున ఒండ్రుగా మారతాయి. అందుకే దాన్ని ఖాళీ చేయాలి.

ఖాళీ చేయడంలోనే పెద్ద నేర్పుంది. నెలల పాటు నీళ్లు నిండి ఉన్న కోనేటి గట్టు వెనక మట్టి కూడా నీళ్లు తాగి ఉంటుంది. లోపలి నీరు గోడను బయటికి నెడుతూ, తడిసిన మట్టి లోపలికి నెడుతూ ఉంటే గోడ స్థిమితంగా నిలబడుతుంది. పెద్ద మోటార్లు పెట్టి ఒక్కరోజులో తోడేస్తే లోపలి ఆసరా పోతుంది, వెనక బరువు మాత్రం అలాగే ఉంటుంది. మెట్లు ఉబ్బి ముందుకు జారేది అప్పుడే. రోజుకు కొన్ని మెట్ల చొప్పున దించుతూ, సందుల్లోంచి కారే నీరు తగ్గిందో లేదో చూసి ముందుకు పోవాలి. తిరుమల స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాల ముందు నెల రోజులు మూసేస్తారు. నీరు, పూడిక తీయడానికి పది రోజులు, మరమ్మతులకు పది రోజులు, మళ్లీ నింపి సిద్ధం చేయడానికి పది రోజులు. ఆ నెల పుష్కరిణి హారతి కూడా ఉండదు. కోట్లమంది వచ్చే క్షేత్రంలోనే అంత ఓపిక పడుతుంటే, చిన్న ఊళ్ల కమిటీలు ఉత్సవానికి రెండు రోజుల ముందు ట్రాక్టరు మోటారు తెచ్చిపెట్టడం చూస్తే గుండె గుబేలుమంటుంది.

తిరుమలకు నీటి సరఫరా ఉంది కనుక ఉత్సవాన్ని బట్టి నెల ఎంచుకోవచ్చు. వానల మీద బతికే ఊరి కోనేటికి మాత్రం వైశాఖ జ్యేష్ఠాలే సరైన కాలం. నీళ్లు వాటంతటవే సగానికి పైగా తగ్గి ఉంటాయి. చేపలను తొట్లలోకి, దగ్గరి చెరువులోకి మార్చడం మొదటి పని. ఆ తర్వాత పూడిక.

పూడిక తీసే రోజు మెట్ల మీద మనుషుల వరుస నిలబడుతుంది. అడుగున పారతో ఎత్తిన బురద తట్టలోకి, తట్ట చేతి నుంచి చేతికి, పై గట్టుకు. పైపొర నల్లగా, జిగటగా, కుళ్లిన పూల వాసనతో ఉంటుంది. దాని కింద బూడిదరంగు ఒండ్రు. అందులో చిల్లర నాణేలు, ప్రమిదలు, విరిగిన గాజులు, కొబ్బరి చిప్పలు, ఈ మధ్య కాలంలో అన్నిటికంటే ఎక్కువగా ప్లాస్టిక్ సంచులు. ఇంకా కిందికి వెళితే పార చప్పుడు మారుతుంది. గట్టి బంకమట్టి తగులుతుంది, లేదా బండ. అక్కడ ఆగిపోవాలి. ఊట లేని కోనేట్లో ఆ బంకమట్టి పొరే నీళ్లను ఆపేది. శుభ్రం చేయాలన్న ఉత్సాహంలో దాన్నీ గీకేస్తే మరుసటి ఏడు నీరు నిలవదు. జేసీబీ దించితే ఈ తేడా తెలియదు. పలుగు, పార పట్టిన చేతికి తెలుస్తుంది. తీసిన ఒండ్రు మొక్కలకు మంచి బలం, ప్లాస్టిక్ ఏరి గుడి పూలతోటకే వేయొచ్చు.

తర్వాత మెట్లు. పక్షులు తెచ్చి వేసిన గింజలతో రాతి సందుల్లో రావి, మర్రి మొలుస్తాయి. రెండాకుల మొలకను వేళ్లతో లాగితే వేరుతో సహా వస్తుంది. మూడేళ్లు వదిలేస్తే వేరు రాయి వెనక్కి పోయి, లావెక్కి, మెట్టును ముందుకు తోసేస్తుంది. అప్పుడు పైన కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. రాయి విప్పి వేరు తీసి, రాయిని తిరిగి పెట్టాల్సిందే. నాచు పట్టిన మెట్లను కొబ్బరి పీచుతోనో గట్టి చీపురుతోనో రుద్దితే చాలు. యాసిడ్ పోస్తే రాయి పైపొర తినేస్తుంది, చెక్కడాలు మొద్దుబారతాయి. సందులు పూడ్చాల్సి వస్తే సున్నమే వాడాలి. సిమెంటు పట్టీ వేస్తే వెనక నీరు ఊరే దారి మూసుకుపోతుంది. ఆ నీరు బయటపడలేక గోడ మీద ఒత్తిడి పెంచుతుంది.

తొలకరి నీరు కోనేట్లోకి రానివ్వకూడదు. ఊరి దుమ్మంతా కడుక్కొచ్చేది అదే. రెండు మూడు మంచి వానలు పడేదాకా తూముకు పలక వేసి ఉంచి, కాలువ తేటబడ్డాక తీయాలి. కాలువకూ కోనేటికీ మధ్య చిన్న గుంట ఒకటి ఉంటే మట్టి అక్కడే దిగిపోతుంది. ప్రయాగ దగ్గర శృంగవేరపురంలో తవ్వి తీసిన రెండు వేల ఏళ్ల నాటి కొలనుకు సరిగ్గా ఇలాంటి గది ఉంది. గంగ వరదనీరు ముందు అందులో ఒండ్రు వదిలేసి, తర్వాతే కొలనులోకి చేరేది.

నిండిన తర్వాత కూడా పని ఉంటుంది. నీరు ఆకుపచ్చగా మారిందంటే అందులో ఎరువు ఎక్కువైందని అర్థం. భక్తితో చేపలకు వేసే మరమరాలు, బిస్కెట్లు, నూనె దీపాలు, సబ్బు నురగ అన్నీ పాచికి మేతే. దానికి ఎండ తోడైతే వారం రోజుల్లో నీరు చిక్కబడుతుంది. చిల్లగింజ అరగదీసి బిందెడు బురదనీటిని తేర్చుకోవచ్చు గానీ, పాచి పట్టిన కోనేటికి అది పనిచేయదు. బ్లీచింగ్ కుమ్మరిస్తే పాచితో పాటు చేపలూ పోతాయి, చేపలు పోతే దోమలొస్తాయి. నీడ పనిచేస్తుంది. ఒక మూల తామర పెంచితే ఆకులు ఎండను ఆపుతాయి. అయితే తామరను నమ్మి వదిలేయకూడదు. దుంప అడుగంతా పాకి రెండేళ్లలో కోనేటిని కప్పేస్తుంది. సిమెంటు తొట్టిలో నాటి, ఆ తొట్టిని మెట్టు మీద దించితే చెప్పుచేతల్లో ఉంటుంది. గుర్రపుడెక్క ఒక్క మొక్క కనిపించినా ఆ పూటే తీసేయాలి.

పాడుబడ్డ కోనేళ్లు, మెట్లబావులు మళ్లీ కళ తెచ్చుకోవడం ఈ దశాబ్దంలో మనం చూస్తున్నాం. కుతుబ్‌షాహీ సమాధుల తోటలోని పెద్ద బావిలో ఒక పక్క 2013 వానలకు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు దాన్ని సున్నంతో, రాతితో పాత పద్ధతిలోనే లేపారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. చెత్తతో పూడిపోయిన సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావి కూడా ఆ ఏడాది డిసెంబరులోనే తెరుచుకుంది. ఇవి గర్వపడాల్సిన పనులు. వీటిని చూసి ఇతర ఊళ్లవాళ్లు ముచ్చటపడి, తమ కోనేటికి అడుగున కాంక్రీటు పోసి, మెట్లకు టైల్స్ అతికిస్తేనే నాకు దిగులు. కాంక్రీటు అడుగు ఊటను చంపేస్తుంది. ఒక్కోసారి కింద భూగర్భజలం పెరిగి, ఖాళీగా ఉన్న కోనేటి అడుగును పగలగొట్టి పైకి లేస్తుంది.

రంగుల దీపాలతో ఫౌంటెన్ పెట్టాలని కూడా చాలాచోట్ల అడుగుతుంటారు. దాన్ని నేను కాదనను. నీటిని గాల్లోకి చిమ్మితే ప్రాణవాయువు కలుస్తుంది, నిలవనీటికి అది మంచిదే. కానీ అందరూ దాన్ని సాయంత్రం ఏడింటికి, జనం చూసే వేళకు నడిపి తొమ్మిదింటికి కట్టేస్తారు. పాచి ఉన్న నీళ్లలో పగలంతా ప్రాణవాయువు పుష్కలంగా ఉంటుంది. రాత్రి పాచీ చేపలూ కలిసి దాన్ని వాడేసుకుంటే, తెల్లవారుజాముకు అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. పొద్దున్నే చేపలు నోళ్లు తెరిచి పైకి తేలడం, చచ్చి గట్టుకు కొట్టుకురావడం అందుకే. ఫౌంటెన్ పెట్టిన కమిటీవాళ్లు ఎవరైనా దీన్ని చదువుతుంటే, మోటారుకు టైమరు బిగించి రాత్రి రెండింటి నుంచి సూర్యోదయం దాకా నడపండి. కరెంటు బిల్లుకు వెనకాడితే సాయంత్రం పూట మానుకోండి గానీ, ఆ వేళ మాత్రం ఆపకండి.