విలియం మారిస్ పిట్టలు: అద్దకంలో అందమూ శ్రమా

అద్దకపు గుడ్డమీది పువ్వుల్నీ పిట్టల్నీ గురించి సాహిత్య విమర్శలో చర్చ ఎందుకని అడిగేవారు రెండు రకాలు. మొదటి రకం వారికి పువ్వూ పిట్టా కనిపించగానే తీరికవర్గపు విలాసం గుర్తుకొస్తుంది. సుత్తీ కొడవలీ పిడికిలీ లేని చోట వారికి వస్తువే కనిపించదు. రెండవ రకం వారు సంప్రదాయం, ప్రకృతి, దేశీయత అని మూడు మాటలు పలికి నమస్కారం పెట్టి ఊరుకుంటారు. పైకి వీరిద్దరూ బద్ధశత్రువుల్లాగే ఉంటారు కాని, ఒక్క విషయంలో ఏకీభవిస్తారు: ఇద్దరూ గుడ్డను చూడరు. దాన్ని ఎవరు ఊహించారో, ఎవరు అద్దారో, ఎవరు కొన్నారో అడగరు. ఈ ప్రశ్నలు వేసుకోవడానికి విలియం మారిస్ 1883లో రూపొందించిన 'స్ట్రాబెర్రీ దొంగ' అనే అద్దకపు గుడ్డకన్న అనువైన ఉదాహరణ నాకు తెలియదు. ఎందుకంటే అదే సంవత్సరం మారిస్ ఇంగ్లండులో డెమోక్రటిక్ ఫెడరేషన్‌లో చేరి సోషలిస్టు అయ్యాడు. మార్క్స్ 'పెట్టుబడి'ని ఫ్రెంచి అనువాదంలో చదవడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. పిట్టలు గీసిన చెయ్యి, 'పెట్టుబడి' పేజీలు తిప్పిన చెయ్యి ఒక్కటే.

ముందు గుడ్డను చూద్దాం. నేల ముదురు నీలం. దానిమీద అల్లుకున్న ఆకులు, తెల్లని పూలు, అక్కడక్కడా ఎర్రని స్ట్రాబెర్రీ పండ్లు. ఆకుల మధ్య థ్రష్ అనే పిట్టలు జంటజంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఒక జంట ముక్కున పండు కరచుకొని ఉంటే, మరొక జంట నోరు తెరచి పాడుతున్నట్లుంటుంది. థ్రష్ మన గోరింకంత ఉంటుంది. గోధుమవన్నె వీపు, రొమ్మునిండా మచ్చలు. ఇంగ్లండు పెరళ్ళలో ఎవరూ తలెత్తి చూడనంత సామాన్యమైన పిట్ట. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో థేమ్స్ నది ఒడ్డున కెల్మ్‌స్కాట్ అనే పల్లె ఉంది. అక్కడి పాతకాలపు ఇల్లొకటి మారిస్ 1871లో అద్దెకు తీసుకున్నాడు. ఆ పెరట్లో స్ట్రాబెర్రీ పాదులమీద వల కప్పితే, ఈ పిట్టలు వల కిందినుంచి దూరి పండ్లు తినేవట. తోటమాలి వాటిని చంపుతానంటే మారిస్ వద్దన్నాడని చెప్పుకుంటారు. ఆ దొంగతనమే గుడ్డ పేరు.

ఇందులో విశేషమేమిటి? పిట్ట దేనికీ ప్రతీక కాకపోవడమే విశేషం. అది స్వర్గం నుంచి దిగలేదు, రాజలాంఛనం కాదు, ఎవరి సందేశమూ మోయదు. దానికి ఆకలి వేసింది, పండు తిన్నది. మారిస్‌కు ఈ చూపు మొదటినుంచీ ఉన్నది కాదు. 1862లో 'ట్రెలిస్' అనే గోడకాగితం రూపొందించినప్పుడు గులాబితీగెలు తాను గీసి, పిట్టలు తనకు కుదరక మిత్రుడైన వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ చేత గీయించుకున్నాడు. 1878 నాటి 'నెమలీ డ్రాగనూ' అనే ఉన్నినేత గంభీరమైనదే కాని, ఆ నెమలి పాత నేతగుడ్డల్లోంచి నడిచి వచ్చిన నెమలి. ఆయన దాన్ని పెరట్లో చూడలేదు, మ్యూజియంలో చూశాడు. ఆ నెమలికీ ఈ థ్రష్‌కూ మధ్య అయిదేళ్ళే దూరం. ఈ అయిదేళ్ళలో ఆయన కన్ను కొల్లగొట్టి తెచ్చిన అందాన్నుంచి కళ్ళెదుటి అందానికి మళ్ళింది.

తెలుగు చదువుకున్నవారికి ఈ తేడా వివరించి చెప్పనక్కరలేదు. మన ప్రబంధాలనిండా చిలుకలూ హంసలే. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంస రాయబారం నడుపుతుంది. ఆ హంస గొప్ప పాత్రే, దాని మాట చాతుర్యం ముందు మనుషులు దిగదుడుపు. కాని అది పక్షి మాత్రం కాదు. ఉద్యానవర్ణనలలో పూచే పూల సంగతీ అంతే: ఋతువుతో పని లేకుండా అన్నీ ఒక్కసారే పూస్తాయి. (ఎం.ఏ. పరీక్షల్లో ఆ పూల జాబితా రాయించి మార్కులు వేస్తాం. అందులో ఒక్క పువ్వునైనా చెట్టుమీద చూశావా అని మాత్రం అడగం.) ఆధునిక కవిత్వంలో శ్రీశ్రీ అల్పవస్తువులకు కావ్యగౌరవం తెచ్చాడని పాఠం చెబుతాం. మారిస్ ఒక పెరటిదొంగకు గుడ్డమీద తెచ్చినదీ అటువంటి గౌరవమే. అలంకారకళలో ఇది చిన్న మార్పు కాదు. కాబట్టి పువ్వూ పిట్టా కనిపించగానే విలాసమని కొట్టివేసే మన మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఏ పిట్ట అన్న ప్రశ్నలోనే వర్గదృష్టి ఉంది.

అయితే పిట్ట బొమ్మ కాగితంమీద పూర్తికాదు. అది గుడ్డమీదికి రావాలి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

1856లో పెర్కిన్ బొగ్గుతారు నుంచి ఊదారంగు తీసిన తరువాత ఇంగ్లండులో రసాయనరంగులు వరదలా వచ్చాయి. చవక, తళుకు, నాలుగు ఎండలకు వెలిసిపోయేవి. మారిస్ వాటిని అసహ్యించుకున్నాడు. 1875 నుంచీ లీక్ అనే ఊళ్ళో థామస్ వార్డిల్ రంగులశాలకు వెళ్ళి, యజమానిగా కుర్చీలో కూర్చోకుండా నీలితొట్టిలో చేతులు ముంచి పని నేర్చుకున్నాడు. మోచేతులదాకా నీలమైన ఆయన చేతులు మిత్రులకు హాస్యవస్తువయ్యాయి. 1881లో లండను దగ్గర వాండిల్ ఏటి ఒడ్డున మెర్టన్ యాబీలో సొంత కార్ఖానా పెట్టాకనే 'స్ట్రాబెర్రీ దొంగ' సాధ్యమైంది. గుడ్డనంతా ముందు ముదురు నీలంలో ముంచుతారు. తరువాత వర్ణం తొలగించే ద్రవ్యాన్ని చెక్క అచ్చులతో అద్ది, కావలసినచోట నీలాన్ని లేతపరుస్తారు, లేదా పూర్తిగా తీసేస్తారు. అలా తెల్లబడిన జాగాలలో ఎరుపు, పసుపు ఎక్కిస్తారు. ఉతకాలి, ఆరబెట్టాలి, మళ్ళీ అద్దాలి. రోజులు పట్టే పని. ఈ పద్ధతిలో నీలం, తెలుపులకు తోడు ఎరుపూ పసుపూ చేర్చిన మొదటి నమూనా ఇదే. కంపెనీ అమ్మిన నూలుగుడ్డల్లో మిక్కిలి ఖరీదైనవాటిలో ఇది ఒకటి.

మన బందరు అద్దకం తెలిసినవారికి ఇక్కడ ఏదో పరిచయమున్న వాసన తగులుతుంది. తగలాలి కూడా. పటికతో ఎరుపును నూలుకు కట్టివేయడం, ఉతికినా పోని రంగు నిలపడం ఐరోపా నేర్చినది కోరమాండల్ తీరపు గుడ్డలను చూసి. మన పనివాళ్ళు కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద పటిక అద్ది చిరివేరుతో ఎరుపు రప్పించేవారు. ఆ వేరులోని అలిజరిన్, ఐరోపా మంజిష్ఠ వేళ్ళలోనూ ఉన్న పదార్థమే. నీలి విషయంలో మాత్రం దారి తలకిందులు: మనవాళ్ళు నీలి పడకూడని చోట మైనం పూసి గుడ్డను ముంచేవారు, మారిస్ ముందు ముంచి తరువాత తీసేశాడు. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో 1611లో వర్తకశాల పెట్టినది ఇటువంటి గుడ్డలకోసమే. ఆ గుడ్డలు లండనులో ఎంత అమ్ముడుపోయాయంటే, 1700లో అద్దకపు గుడ్డల దిగుమతినీ, 1721లో వాటిని కట్టడాన్నీ కూడా పార్లమెంటు నిషేధించవలసి వచ్చింది. 1774లో ఆ నిషేధం ఎత్తివేసేనాటికి వాళ్ళ అద్దకం వాళ్ళకుంది. స్వేచ్ఛావాణిజ్యం గొప్పతనాన్ని మనకు బోధించినవారి చరిత్ర ఇది.

ఇక ఆ నీలం. కృత్రిమమైన నీలి మార్కెట్లోకి వచ్చినది 1897లో. అంతకుముందు బ్రిటను నీలితొట్లకు నీలిమందు ఎక్కువగా వచ్చినది భారతదేశం నుంచే. బెంగాలులో, బీహారులో తోటదొరల అప్పుల కింద నలిగిన రైతులు పండించినదే. 1859-60లో బెంగాలు రైతు నీలి సాగు చేయనని తిరగబడ్డాడు. 1860లో దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం ప్రచురించిన నేరానికి పాదరీ జేమ్స్ లాంగ్ మరుసటి సంవత్సరం జైలుకు వెళ్ళాడు. ఇవి మారిస్ నీలితొట్టిలో చెయ్యి పెట్టడానికి పదిహేనేళ్ళ ముందటి సంగతులు. థ్రష్ పిట్టను అంత శ్రద్ధగా చూసిన కన్ను, ఆ పిట్ట వెనుక పరచుకున్న నీలం ఎవరి పొలం నుంచి వచ్చిందో గుడ్డమీద చెప్పలేదు. సామ్రాజ్యవాదాన్ని మారిస్ తన వ్యాసాల్లో, సభల్లో తీవ్రంగానే ఖండించాడు. ఆయన దుర్మార్గుడని నేననడం లేదు. దేశీయమైన పిట్ట, దేశీయమైన మొక్క అని మనం మురిసే నమూనాకు కూడా నేల పరదేశపు చెమటతో తడిసి ఉండవచ్చునంటున్నాను.

మారిస్‌మీద తరచు వినిపించే ఆరోపణ వేరు: సోషలిజం బోధిస్తూ ధనవంతులకు తెరలు అమ్మాడని. అది నిజమే, ఆయనకే అందరికన్న ముందు తెలుసు. ఒక ఇనుప కార్ఖానాదారు ఇంటిని అలంకరిస్తూ, ధనికుల పందివిలాసానికి ఊడిగం చేస్తున్నానని మండిపడిన సంగతి ప్రసిద్ధం. ఆయన అభిమానులు దీన్ని మహాత్ముని ఆత్మవేదనగానూ, విరోధులు కపటంగానూ చెబుతారు. రెండూ వ్యక్తి గుణగణాల దగ్గరే ఆగిపోతాయి. చేతిపనికి రోజులు పడతాయి. పనివానికి నాలుగు రాళ్ళు ఎక్కువ ఇస్తే గుడ్డ ధర పెరుగుతుంది. ధర పెరిగితే కార్మికుడు కొనలేడు. ఈ ముడి మారిస్ మనస్సులో లేదు, సరుకులోనే ఉంది. మెర్టన్‌లో ఇతర కార్ఖానాలకన్న మెరుగైన కూలి ఇచ్చాడు, కొందరు ముఖ్యులకు లాభంలో వాటా ఇచ్చాడు. తన లాభమంతా పంచినా పనివారి వర్గస్థితి మారదని లెక్క వేసి చూపాడు. ఆ లెక్క తప్పించుకునే ఎత్తు అని కొందరంటారు. నాకలా తోచదు, ఆ లెక్క వేసినవాడు 1884 చివర సోషలిస్ట్ లీగ్ స్థాపకులలో ఒకడై, వీధి మూలల్లో ఉపన్యాసాలిస్తూ తిరిగాడు.

నా అభ్యంతరం మరొక చోట ఉంది. మారిస్‌కు గురుప్రాయుడైన రస్కిన్ 1853లో చెప్పిన సూత్రమేమిటి? శిల్పి చెయ్యి స్వేచ్ఛగా ఆలోచించిన చోటనే అలంకారం బతుకుతుందని. మారిస్ దీన్ని మతంగా స్వీకరించాడు. మరి మెర్టన్ అద్దకపుబల్ల దగ్గర జరిగినదేమిటి? పిట్టను చూసినవాడు ఒకడు. దాన్ని చెక్కమీదికి ఎక్కించి చెక్కినవాడు ఇంకొకడు. గుర్తుకు గుర్తు కలిపి, అచ్చు నొక్కి, సుత్తితో కొట్టినవాడు మూడవవాడు. ఈ మూడవవానికి ఆకు ఒక్కటి మార్చే హక్కు లేదు, మారిస్తే తరువాతి అచ్చు కలవదు. పని శుభ్రమైన గాలిలో, ఏటి ఒడ్డున, మంచి కూలితో సాగింది. నమూనా మాత్రం పైనుంచి దిగింది. చేత చేసినది కాబట్టి స్వేచ్ఛగా చేసినది అనుకోవడం పెద్ద భ్రమ. ఈ భ్రమమీదనే చేతిపనుల వ్యాపారం ఈనాటికీ నడుస్తున్నది. మెర్టన్‌లోనే ఒక మినహాయింపు కనిపిస్తుంది. కంపెనీ దుకాణంలో సహాయకుడుగా చేరిన జాన్ హెన్రీ డర్ల్ చిత్రనేత నేర్చి, నమూనాలు గీసి, 1896లో మారిస్ పోయాక కంపెనీకి ముఖ్య రూపకర్త అయ్యాడు. అద్దకపుబల్ల దగ్గరి మనిషికి ఆ దారి ఎందుకు తెరుచుకోలేదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నతో పెడన వెళ్ళి చూడండి. టేకు చెక్కమీద సన్నని గీత చెక్కేవారి నైపుణ్యం, ఒకదానిపై ఒకటి అచ్చు తప్పకుండా అద్దేవారి చూపు ప్రపంచంలో ఎవరికీ తీసిపోవు. కాని గుడ్డమీది సరుగుడులాంటి చెట్టు, తీగె, జీవనవృక్షం ఒకప్పుడు పారశీక మార్కెట్టు అడిగినవి. శ్రీకాళహస్తి కలంపనిలోని నెమళ్ళూ హంసలూ గుడి అడిగినవి. ఈనాడు నగరపు వర్తకుడు ఫోనులో బొమ్మ పంపి అడుగుతాడు. అడిగేవాడు మారాడు, పనివాడు అడిగించుకుంటూనే ఉన్నాడు. 1950లలో కేంద్రప్రభుత్వపు హస్తకళల బోర్డు, కమలాదేవీ ఛటోపాధ్యాయ చొరవతో, అంతరించబోతున్న శ్రీకాళహస్తి పనికి శిక్షణకేంద్రం పెట్టి ఊపిరి పోసింది. అది లేకపోతే ఈ చర్చకే తావు లేదు. ఆ రక్షణలో కూడా నమూనాను కాపాడడంమీద ఉన్న పట్టుదల, నమూనాను ఊహించే హక్కుమీద కనిపించదు.

ఇప్పుడొక తేలిక మందు ప్రచారంలో ఉంది: దేశీయపక్షులు వెయ్యండి, దేశీయమొక్కలు వెయ్యండి అని. 2014లో తెలంగాణ పాలపిట్టనూ తంగేడునూ రాష్ట్రచిహ్నాలు చేసుకుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకనూ మల్లెనూ ఎంచుకుంది. ఇకనేం, సంచులమీదా దిండుగలీబులమీదా టీ కప్పులమీదా పాలపిట్టలు వాలాయి. వాలనివ్వండి, అందమైన పిట్ట. కాని అధికారచిహ్నంగా వాలిన పాలపిట్ట మళ్ళీ ఆ మ్యూజియం నెమలే. రూపకర్త సెల్‌ఫోనులోని ఫొటోనుంచి దిగి అద్దకపువాని బల్లమీద వాలినంత మాత్రాన పిట్ట దేశీయం కాదు. పెడన కాలవగట్టున గుడ్డలు జాడించేవారికి రోజూ కనిపించే కొంగ గుడ్డమీదికి ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. ఏ పిట్టను వేద్దామని వారినీ ఎవరూ అడగలేదు.

'స్ట్రాబెర్రీ దొంగ' ఈనాడు హక్కులు తీరిపోయిన నమూనా. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. యంత్రంమీద ముద్రించి కప్పులకు, గొడుగులకు, ఫోను తొడుగులకు అంటిస్తున్నారు. 2025లో లండనులోని విలియం మారిస్ గ్యాలరీ ఈ వెర్రిమీదే ఒక ప్రదర్శన పెట్టింది. చవక కాబట్టి ఇప్పుడు కార్మికుడూ కొనగలడు. మారిస్ కోరినదిదే కదా అని వాదించేవారున్నారు. కోరినదిందులో సగమే. మన బజార్లలో 'కలంకారీ' పేరుతో మీటర్లకు మీటర్లు దొరికే యంత్రపు ముద్రణ కూడా చవకే. అది పెడన బల్లమీద పని ఉన్న రోజుల్ని తగ్గిస్తున్నది. చేతిపని గుడ్డ ప్రదర్శనల్లో చీటీమీద ఊరిపేరు ఉంటుంది, సహజవర్ణాలు అని ఉంటుంది, నమూనా కథ ఉంటుంది, ధర ఉంటుంది. ఆ ధరలో అచ్చు నొక్కిన చేతికి ముట్టినది ఎంత అన్న అంకె మాత్రం నేను చూసిన ఏ చీటీమీదా లేదు.