బీల ఎవరిది? 'అందరి నీరు' అనే మాటపై కొన్ని అభ్యంతరాలు

పర్యావరణం గురించి రాసే మన మేధావులకి చెరువు కనిపిస్తే చాలు, కవిత్వం పొంగుకొస్తుంది. ఊరు, గట్టు, మర్రిచెట్టు, అందరి నీరు. ఈ 'అందరూ' ఎవరని అడిగితే మాత్రం ఉద్యమాన్ని చీలుస్తున్నారంటారు. అయినా అడగాలి. సోంపేట బీల మీద వచ్చిన రాతలు చదివేక అడక్క తప్పదు.

తెలీనివాళ్లకి నాలుగు మాటలు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, సముద్రపొడ్డు ఇసుక మెరకకీ లోపలి పొలాలకీ మధ్య నీరు దిగి నిలిచే పల్లపు నేలని బీల అంటారు. చేపలు, పశువులకి గడ్డి, చుట్టూ ఉన్న వరిపొలాలకి తడి, అన్నీ ఆ బురదలోంచే. 2008లో రాష్ట్ర ప్రభుత్వం ఇందులో 970 ఎకరాలకు పైగా నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కోసం కేటాయించింది. కాగితాల్లో అది పనికిరాని నేల. 2010 జూలై 14న జనం అడ్డుపడితే పోలీసులు కాల్పులు జరిపేరు. ఇద్దరు చనిపోయేరు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్కరోజు ముందొచ్చుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది: మళ్లీ థర్మల్ కేంద్రం, మళ్లీ చిత్తడి నేల, మళ్లీ తూటాలు.

ఉద్యమ సాహిత్యం సర్కారు అబద్ధాన్ని బాగానే ఎండగట్టింది. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. శిస్తు రాని నేల, పట్టా లేని మనిషి రెవెన్యూ లెక్కలో ఒకటే, రెండూ పనికిరానివే. ఈ చూపు మన పేటలకి కొత్తేం కాదు. అయితే దానికి జవాబుగా చూపించిన లెక్కలేటి? ఇన్ని ఎకరాల వరి, ఇంత చేప. రైతు కనిపించేడు, మత్స్యకారుడు కనిపించేడు. ఆ వరి ఊడ్చి, కోసి, నూర్చిన భూమిలేని కూలి మాత్రం 'తదితరులు' అన్న మాటలో మునిగిపోయేడు. పొలం పోతే రైతు నష్టపరిహారం అడగ్గలడు, కాగితం ఉంది. కూలికి పోయేది పని. పని పోయిందని ఏ పంచనామాలోనూ రాయరు.

ఇది రాసేవాళ్ల మరుపు మాత్రమే కాదు, చట్టంలోనే ఉంది. 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం నీటి సంఘాలు పెట్టింది. ఆయకట్టులో భూమి ఉన్నవాడిగా రికార్డుకెక్కితేనే ఓటు. మరి తెలంగాణలో నీరడి, సీమలో నీరుగంటి అనే పేర్లతో తూము తీసి, గట్టు కాసి, మడిమడికీ నీరు పంచింది చాలాచోట్ల మాలమాదిగలే. నీటి శాస్త్రం వాళ్ల చేతుల్లో ఉంది, ఓటు పట్టాదారు చేతికెళ్లింది. దీన్ని ప్రజాస్వామ్యం అన్నారు!

కారంచేడుని మనం కులం కథగానే చెప్పుకుంటాం. కానీ మొదలైందెక్కడ? తాగే నీళ్ల చెరువు దగ్గర. 1985 జూలైలో, మాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి కలిపి మురికి చెయ్యొద్దని అభ్యంతరం చెప్పినందుకు మొదలైన తగువు అది. ఎదురు నిలిచి బిందె ఎత్తింది ఒక మాదిగ స్త్రీ. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపేసేరు. నీటిని కాపాడమని అడిగిన ఆ మాటకి మన పర్యావరణ చరిత్రలో చోటేదీ? 1927లో మహద్ చవదార్ చెరువు దగ్గర అంబేద్కర్ లేవనెత్తింది నీటి శుభ్రత ప్రశ్న కాదు, నీటిపై హక్కు ప్రశ్న. ఈ రెంటినీ విడదీసే పర్యావరణవాదం బీలని కంపెనీ నుంచి కాపాడగలదు. ఊళ్లో పెత్తందారు నుంచి కాపాడలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న చెరువులు లెక్కలేనన్ని. పూడిక తీత ఉపాధి హామీ పనుల్లో ఒకటి. పరిశోధన చేసే విద్యార్థులు ఈ ఊళ్లకెళ్లినప్పుడు చెరువు విస్తీర్ణంతోపాటు ఇంకొన్ని అడిగి రాసుకోవాలి. తట్ట మోసిందెవరు, ఆ ఒండ్రు ఎవరి పొలంలో పడింది, చేపల వేలం ఎవరికి దక్కింది, ఎండాకాలం అడుగునీళ్లు మిగిలినప్పుడు పేటవాళ్లని ఏ రేవులో దిగనిచ్చేరు? ఆఖరిది సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే జవాబు దొరకదు. పేటకెళ్లి అడగాలి.