43 అడుగులంటే మన ఊరికి ఎంత?

కథనూ కవితనూ విమర్శకు పెట్టినట్టే వరద హెచ్చరికనూ పెట్టాలని మా ఉద్దేశం. అదీ ఒక రచనే. ఎవరో రాస్తారు, ఎవరికోసమో రాస్తారు. కథ అర్థం కాకపోతే పక్కన పడేస్తాం. హెచ్చరిక అర్థం కాకపోతే మునిగిపోతాం.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71.3. ఈ అంకెల్లో అబద్ధం లేదు. కానీ అవి భద్రాచలం కొలబద్ద మీద చూసిన అంకెలు. శబరి ఒడ్డు గూడేనికి ఆ 43 ఎంత? ఏ చింతచెట్టు మొదలు తడిసినట్టు? ఏ వాగు ఇక దాటలేం? హెచ్చరికలో ఇదెక్కడా ఉండదు.

శబరి సంగతే చూడండి. కూనవరం దగ్గర అది గోదావరిలో కలుస్తుంది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగి గోదావరి నిండుగా వస్తుంటే శబరి నీళ్లకు పోయే దారి ఉండదు. ఆగి, వెనక్కి తన్నుతాయి. పైన మబ్బుతునక లేకపోయినా వాగుల గుండా పొలాల్లోకి ఎక్కుతాయి. ముందు దారి మునుగుతుంది, ఇల్లు తర్వాత. ఇంటి గడప తడిసేదాకా చూద్దామనుకున్నవాళ్లకు బయటపడే దారి అప్పటికే పోయి ఉంటుంది. ఎగువన కొలిచిన నీరు కిందికి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కకట్టి కేంద్ర జల సంఘం ముందే అంచనా చెబుతుంది. అది మంచి శాస్త్రమే, మనకు కావలసిందే. అయితే అది మండల కేంద్రం దాకా వచ్చి అక్కడే కూర్చుంటోంది.

‘ప్రకృతి వైపరీత్యం’ అన్న మాట మీద మాకు ఇంకో అభ్యంతరం ఉంది. వాన ప్రకృతిదే. మరి నిర్వాసితులందరికీ ఇళ్లు చూపించకముందే నదికి అడ్డంగా కట్టడం లేవడం కూడా ప్రకృతి పనేనా? పోలవరం కాఫర్ డ్యాం కట్టాక నీళ్లు తీయడానికి మునుపటికంటే ఎక్కువ రోజులు పడుతోందని ముంపు మండలాల జనం అంటున్నారు. ఆ మాటను కొలిచి తేల్చాలి గాని కొట్టిపారేయకూడదు. వైపరీత్యం అనేశాక ఇక జవాబు చెప్పేవాడు దొరకడు, పులిహోర పొట్లాలు మాత్రం వస్తాయి.

ఇక మన రాతల సంగతి. వరద మీద మనవాళ్ల కవితలు, కథలు చాలామటుకు నీళ్లు ఇంట్లోకి వచ్చాకే మొదలవుతాయి. ఏడుపు ఉంటుంది, గుట్ట మీద టార్పాలిన్ ఉంటుంది. దానికి ముందటి రెండు రోజులు ఉండవు. ఏ వాగు ముందు పొంగింది, పశువుల పలుపులు విప్పమని ఎవరన్నారు, ఏ బాటన గుట్టెక్కారు? వెనకటివాళ్లను కాపాడిన కథంతా ఆ రెండు రోజుల్లోనే ఉంది.

ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ ఊళ్లను ఊడ్చేసింది. బతికినవాళ్లు దానికి ‘స్మాంగ్’ అని పేరు పెట్టి, పాటల్లో, ముచ్చట్లలో పిల్లలకు నేర్పారు: భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోయిందంటే గుట్టకు పరుగెత్తాలి. 2004 డిసెంబర్ 26న మళ్లీ అదే జరిగింది. దీవిలో 70 వేలకు పైగా జనం ఉంటే చనిపోయింది ఏడుగురే. అదే ఆచే రాష్ట్రంలోని పెద్ద దీవి తీరంలో లక్షకు పైగా పోయారు. స్మాంగ్ బలం అలంకారంలో లేదు. ఒక గుర్తు చెబుతుంది, ఆ వెంటనే కాళ్లకు పని చెబుతుంది.

దీన్ని పట్టుకుని ఆదివాసికి అన్నీ తెలుసని ఊదరగొట్టే వ్యాసాలూ వస్తుంటాయి. అవి మనకు మేలు చేయవు. ఆనకట్ట గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తాత పాటలో ఉండదు. దానికి అధికారుల సమాచారం కావాలి. ఆ సమాచారానికి మన గూడెం గుర్తులు కావాలి.

అందుకే పంతుళ్లను, ఆశ్రమ పాఠశాలల పిల్లలను అడుగుతున్నాం. 2022 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దలను అడిగి బడిగోడ మీద, చెట్ల మీద రంగుతో గీతలు గీయండి. ఏ దారి ఎప్పుడు మునిగిందో, ఆ పూట భద్రాచలంలో అంకె ఎంతో పక్కన రాయండి. కోయ మాటలోనూ రాయండి. ఈ పని జూన్ వానలకు ముందే కావాలి. తడిగోడ మీద రంగు నిలవదు.