సగటు చెప్పని శివారు: లినక్స్ పనితీరు కొలమానాలపై ఒక విమర్శ

లినక్స్ పనితీరు అధ్యయనంలో బ్రెండన్ గ్రెగ్ రచించిన ‘సిస్టమ్స్ పెర్ఫార్మెన్స్’ (2013; రెండవ కూర్పు 2020) ప్రామాణిక గ్రంథం. ప్రతి వనరు విషయంలోను వినియోగం, పేరుకుపోయిన పని, దోషాలు అనే మూడింటిని పరిశీలించాలన్న ఆయన ‘యూజ్’ పద్ధతి అడ్డంకిని త్వరగా పట్టిస్తుంది. అయితే అది వనరు వైపు నుండి చూసే చూపు. జవాబుకోసం వేచి ఉన్నవారి వైపు నుండి చూసేది కాదు.

ఈ భేదం కృష్ణా డెల్టా రైతుకు తెలిసినదే. ప్రకాశం బ్యారేజి వద్ద విడుదలైన నీటి లెక్క సరిగానే ఉండవచ్చు. గూడూరు, బందరు వైపు శివారు పొలానికి అది ఎప్పుడు చేరిందన్నది వేరే ప్రశ్న. డీన్, బరోసోలు 2013లో ‘ది టెయిల్ ఎట్ స్కేల్’ వ్యాసంలో నిరూపించినది ఇటువంటిదే. ఒక్కొక్క సర్వరు నూటికి ఒక్కసారి మాత్రమే సెకను దాటి ఆలస్యం చేసినా, 100 సర్వర్ల జవాబులు కలిస్తేగాని పూర్తికాని అభ్యర్థనలలో 63 శాతం సెకను దాటుతాయి.

గ్రెగ్ జాప్య విశ్లేషణను విస్మరించలేదు. లోపమంతా ‘యూజ్’ పట్టికను మాత్రమే గ్రహించి, వినియోగ శాతాన్ని బట్టి కెర్నెల్ అమరికలు మార్చే అలవాటులో ఉంది. మార్పుకు ముందూ తరువాతా 99వ పర్సెంటైల్ జాప్యాన్ని కొలవక, సగటు తగ్గిందని మాత్రమే చూపే సిద్ధాంత వ్యాసం శివారును చూడకుండానే పంట లెక్క రాసినట్లవుతుంది.